మేడ మీద గదిలో బెరిల్ అత్త

బెరిల్ అత్త జన్మలో ఒక్క బాకా ఊదలేదు. బ్రాస్ బ్యాండ్లకి జీవితం ధారపోసినవాళ్ళని లెక్కపెట్టమంటే జనం కార్నెట్ బాకా వాయించినవాళ్ళనీ బ్యాండ్ మాస్టర్లనీ తలుచుకుంటారు. వాళ్ళకి పతకాలున్నాయి, బ్యాండ్ రూమ్ గోడ మీద ఫొటోలున్నాయి. మా స్కార్‌డెన్ బ్యాండ్ రూమ్‌లో అత్త ఫొటో లేదు. ఉన్న ఫొటోల్లో కోటు బొత్తాలన్నీ మాత్రం ఆవిడ కుట్టినవే. కడుపు పెరిగినవాడి కోటు వదులు చేసిందీ ఆవిడే, చచ్చినవాడి కోటు విప్పి కుర్రవాడికి సరిచేసిందీ ఆవిడే.

నిజానికి ఆవిడ మా నాన్నకి మేనత్త. నాన్న పిలవగా విని నేనూ అత్తా అన్నాను, ఎవరూ దిద్దలేదు. లీడ్స్‌లో చదువు సగంలో వదిలేసి నేను వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్ద రభస జరిగితే తన వెనకగది ఇచ్చింది.

"చదువు నచ్చలేదా, అక్కడి తిండి నచ్చలేదా?" అని అడిగింది.

"రెండూ."

"రెండోదానికి నా దగ్గర మందుంది" అని పొయ్యి మీద నుంచి బంగాళదుంపలు కూరి కాల్చిన పై రొట్టె దించింది. అంతే, ఇంకెప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. నేను అక్కడే ఉండిపోయాను. బ్యాండ్‌లో రెండో ట్రాంబోన్ నాది, గొట్టం ముందుకీ వెనక్కీ జరిపే బాకా. గొప్పగా వాయిస్తానని ఎవరూ అనరు.

మా ఊరు కొండవాలు మీద ఉంటుంది. కొండకి ఇటు యార్క్‌షైర్, అటు లాంకషైర్, పైన ఎప్పుడూ తడిసిన గడ్డి, గొర్రెలు. ఉన్ని మిల్లు మూతబడింది, మిల్లువాళ్ళు పెట్టిన బ్యాండు మిగిలింది. ఏడాదిలో ఒక్క రోజు, వేసవి మొదట్లో చర్చి పండగైన విట్ శుక్రవారం నాడు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పిచ్చెక్కుతుంది. ఎక్కడెక్కడి బ్యాండ్లో బస్సులు కట్టుకుని వస్తాయి. ఒక ఊళ్ళో వాయించి, బస్సెక్కి, పక్క ఊళ్ళో దిగి మళ్ళీ వాయిస్తాయి. ప్రతి ఊళ్ళోనూ ఒక పోటీ, ఒక జడ్జి. మా ఊళ్ళో బ్యాండ్లు చర్చి వీధి వెంట నడుస్తూ వాయించుకుంటూ వచ్చి, మలుపులో ఒక ఇంటి కింద అర్ధచంద్రంగా నిలబడి పోటీ మార్చ్ వాయిస్తాయి. ఆ ఇల్లు బెరిల్ అత్తది. ఆ ఇంటి మేడ మీద ముందుగదిలో, తెరలు దించిన కిటికీ వెనక, జడ్జి కూర్చుంటాడు.

జడ్జికి బ్యాండు కనబడకూడదు. కనబడితే కోటు చూసి మార్కులు వేస్తాడు, లేకపోతే కోటులో ఉన్న బావమరిదిని చూసి వేస్తాడు. వినడమే అతని పని. కింద నిలబడ్డ బ్యాండుకి పేరుండదు, అంకె ఉంటుంది. తాను సిద్ధమని జడ్జి తెర వెనక నుంచి ఈల వేస్తే వాయించడం మొదలు. జనం కూడా ఏ బ్యాండుకైనా ఒకే తీరులో చప్పట్లు కొట్టాలని ముందు ఆదివారం చర్చిలో చెబుతారు. జడ్జి తెర తొలగించి తొంగి చూడకుండా, ఎవరూ అతని చెవిలో ఏమీ ఊదకుండా, సాక్షిగా గదిలో ఒక మనిషి కూర్చోవాలి. అది అత్త పని. నలభై ఏళ్ళకి పైగా.

ఆ పని ఇంటితో పాటు వచ్చింది. క్లిఫర్డ్ మామయ్యని పెళ్ళి చేసుకుని ఆ ఇంట అడుగుపెట్టినప్పుడు వాళ్ళ అత్తగారు తాళాలు చేతికిస్తూ రెండే అప్పగింతలు పెట్టిందట: పొగగొట్టం ఏటా తుడిపించు, జడ్జిని ఏటా కూర్చోబెట్టు.

చిన్నప్పుడు అత్తకి కార్నెట్ నేర్చుకోవాలని ఉండేది. ఆ రోజుల్లో మా బ్యాండ్‌లోకి ఆడపిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. "ఏడ్చావా?" అని ఒకసారి అడిగాను. "ఏడవడానికి తీరికెక్కడిది, మిల్లులో పని" అంది. తర్వాత కమిటీ మీటింగులో నిలబడి, ఆడపిల్లల్ని చేర్చుకోకపోతే ఆ ఏడు ఒక్క కోటూ ఇస్త్రీ కాదని చెప్పి కూర్చుందట. ఆ ఏడే చేర్చుకున్నారు. ఇప్పుడు మా మొదటి కార్నెట్ ఆడపిల్లే. ఈ కథ అత్త చెప్పదు, మామయ్య చెబుతాడు.

జడ్జిల కథలైతే అత్తే చెబుతుంది. ఆ రోజుల్లో మరుగుదొడ్డి పెరట్లో ఉండేది. దొడ్లోకి వెళ్తే జడ్జికి వీధి కనబడుతుంది కాబట్టి మంచం కింద కుండ పెట్టేవాళ్ళు. ఒక లావుపాటి జడ్జి కుండ చూసి మొహం మాడ్చుకుని, చచ్చినా కూర్చోనన్నాడట. అత్త అతని నెత్తిన తువ్వాలు కప్పి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, పెరడు దాటించి, తలుపు బయట కాపలా కాసి, మళ్ళీ అలాగే తీసుకొచ్చింది. "పెళ్ళిపీటల మీదకి తీసుకెళ్తున్నట్టుంది, పిల్లా" అని గేటు దగ్గర నుంచి మామయ్య అరిచాడట.

ఆవిడకి ఆవిడ పెట్టుకున్న నియమం ఒకటుంది. మన ఊరి బ్యాండు వంతు రాగానే గదిలోంచి లేచి కిందకి వెళ్ళిపోవడం. మామయ్య బేస్ వాయిస్తాడు, బ్యాండులో అన్నిటికంటే పెద్ద బాకా, ఒళ్ళో చిన్న దూడంత ఉంటుంది అది. ఆయన ఊదితే కొట్టంలో ఎద్దు గొంతు సవరించుకున్నట్టుంటుంది. దాన్ని గుర్తుపట్టడానికి ఆవిడకి చెవులు కూడా అక్కర్లేదు, కాళ్ళ కింద చెక్క అదిరితే తెలిసిపోతుంది. మొట్టమొదటి ఏడు ఆ శబ్దం వినగానే చెంపలు వేడెక్కి, జడ్జి ఎక్కడ చూస్తాడోనని, టీ పెట్టుకొస్తానని దిగిపోయింది. అప్పట్నించి ప్రతి ఏడూ అంతే. బెరిల్ ఇంట్లో గాలికి కూడా పక్షపాతం లేదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఆవిడకి ఆ మాట కొంచెం ఇష్టం కూడా.

ఇంకో సంగతి. మా బ్యాండు మా సొంత వీధిలో ఎప్పుడూ గెలవలేదు. అదే సాయంత్రం పక్క ఊళ్ళలో బహుమతులు కొట్టుకొచ్చిన ఏళ్ళున్నాయి. మా ఊళ్ళో మాత్రం నాలుగు, ఐదు, మళ్ళీ నాలుగు. మలుపు దగ్గర గాలి ఎదురు కొడుతుందని కొందరు, చేపల కొట్టు వాసనకి నోరూరి పెదవులు జారతాయని కొందరు చెప్పేవాళ్ళు.

అసలు కారణం మొన్న చలికాలంలో, బ్యాండ్ విందులో బయటపడింది. ముఖ్య అతిథి హెస్కెత్ అనే ముసలాయన. ఒకప్పుడు మా ఊరికి చాలాసార్లు జడ్జిగా వచ్చినవాడు. బీఫ్ అయి, పుడ్డింగ్ అయి, ఆయన లేచి గ్లాసు పట్టుకున్నాడు.

"అందరూ అనుకుంటారు జడ్జికి ఏమీ తెలియదని. నాకు స్కార్‌డెన్ బ్యాండ్ ఎప్పుడూ తెలిసేది. మిసెస్ గార్‌సైడ్ టీ పెట్టడానికి లేచారంటే మీరొచ్చినట్టే."

జనం నవ్వారు.

"ఆవిడ హామ్ శాండ్‌విచ్ తిని, ఆవిడ మొగుడికి ఎక్కువ మార్కులు వేశానని రేపెవడైనా అంటాడు కదా. అందుకని జాగ్రత్తగా ఒకటి రెండు తగ్గించే వేసేవాణ్ణి. నా తర్వాత వచ్చినవాళ్ళకీ చెప్పాను, ఆవిడ లేస్తే తెలుసుకోండి అని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా కార్యదర్శి నారిస్, రిటైరైన బస్సు డ్రైవరు, చేతిలో చెంచా బల్ల మీద పెట్టేశాడు. నేను అత్త వైపు చూశాను. ఆవిడ నాప్‌కిన్‌ని చతురస్రంగా మడుస్తోంది. మడిచిన దాన్నే మళ్ళీ మడిచింది.

ఇంటికి వస్తూ దారిలో మామయ్య అన్నాడు, "టీ బాగుండేది మరి."

"నోరు మూసుకో, క్లిఫర్డ్" అంది ఆవిడ.

తర్వాతి మంగళవారం రిహార్సల్ అయ్యాక కమిటీ కూర్చుంది. నారిస్ బావమరిదికి ఒక క్యారవాన్, కారు వెనక కట్టి లాగే చక్రాల గది, ఉంది. దాన్ని పబ్ పెరట్లో పెట్టి జడ్జిని అందులో కూర్చోబెడదామని ప్రతిపాదన. చాలా ఊళ్ళలో అలాగే చేస్తారు. అత్తని ఎవరూ పిలవలేదు. అయినా వచ్చింది, చేతిమీద ఎవరిదో కోటు, నోట్లో సూది.

సూది తీసి కాలరుకి గుచ్చుకుని, "క్యారవాన్‌లోనా?" అంది.

నారిస్ బల్లకేసి చూస్తూ, "నీ మీద ఎవరికీ ఏం లేదు, బెరిల్" అన్నాడు.

"ఎందుకు లేదు? నాకే ఉంది."

"తెలిసి చేసింది కాదు కదా."

"తెలిసి చేస్తే సగం నయం. ఇన్నేళ్ళూ నిజాయితీగా ఉన్నాననుకుని మిమ్మల్ని ముంచాను. ఇప్పుడు క్యారవాన్ పెడితే నేను ముంచానని ఊరి మధ్య బోర్డు పెట్టినట్టే."

"మరి ఏం చెయ్యమంటావు?"

"ఈ ఒక్క ఏడు నా గదిలోనే పెట్టండి. నేను కదలను. అంతా అయ్యాక జడ్జిని అడగండి, మా ఊరి బ్యాండు ఏదో చెప్పమని. సరిగ్గా చెప్పాడా, ఆ క్యారవాన్‌ని నేనే తోసుకొచ్చి పెడతాను. చెప్పలేకపోయాడా, నేను మెట్లెక్కగలిగినన్నాళ్ళూ ఆ గది జోలికి ఎవరూ రాకూడదు."

నారిస్ అందరి మొహాలూ చూశాడు. "కదలకుండా కూర్చోగలవా నువ్వు? నీ పెళ్ళిలోనే రెండుసార్లు లేచావంట, పొయ్యి చూసి రావడానికి."

"పొయ్యి మీద పంది కాలుంది మరి" అంది అత్త.

చేతులెత్తారు. అత్త మాటే నెగ్గింది.

అక్కడి నుంచి మా ఇంట్లో సాధన మొదలైంది. సాయంత్రం టీ అయ్యాక మామయ్య ముందుగదిలో బేస్ ఒళ్ళో పెట్టుకుని పోటీ మార్చ్‌లో తన వంతు వాయించేవాడు. అత్త ఎదురుగా కుర్చీలో అల్లిక పట్టుకుని కూర్చునేది. ఆవిడ మొహం గమనించడం నా ఉద్యోగం.

మొదటి రోజు మామయ్య రెండో వరుసకి రాకముందే, "అత్తా, చాలు" అన్నాను.

"ఏమైంది?"

"సూదులు మార్చ్‌తో పాటు నడుస్తున్నాయి. ఎడమ, కుడి, ఎడమ."

అల్లిక పక్కన పెట్టింది. మర్నాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొహం బాగానే ఉంది, చెప్పులోంచి బొటనవేలు లేచి పడుతోంది. కాళ్ళ మీద దుప్పటి కప్పాం. అప్పుడు గడ్డం మొదలెట్టింది.

"ఒంట్లో ఎక్కడో ఒకచోట నుంచి బయటికి రావాలిగా" అంది దిగులుగా.

"నేను చచ్చిపోయాననుకో, పిల్లా. ఏడుపు మొహం పెట్టుకుని కూర్చోవచ్చు" అన్నాడు మామయ్య.

"నువ్వు చచ్చిపోతే ఈ చప్పుడు ఉండదుగా, ఆనందంగా ఉంటాను. అదీ కనబడిపోతుంది."

చివరికి దారి ఆవిడే కనిపెట్టింది. తన బ్యాండు దగ్గర కదలకుండా ఉండటం కుదరకపోతే, అన్ని బ్యాండ్ల దగ్గరా కదలాలి. ఎవడొచ్చినా బొటనవేలు ఆడించాలి, ఎవడొచ్చినా గడ్డం ఊపాలి. నా దగ్గరున్న రికార్డింగులు పెట్టించుకుని, మహా చెత్త బ్యాండ్లకి కూడా తల ఊపడం నేర్చుకుంది. అదే అన్నిటికంటే కష్టమయిందని తర్వాత చెప్పింది.

విట్ శుక్రవారం వచ్చింది. పొద్దున వాన, మధ్యాహ్నానికి ఆగింది. ఆ ఏడు జడ్జి ఆల్డర్‌సన్, డరమ్ వైపు నుంచి వచ్చిన నడివయసు మనిషి, సన్నగా, రాయడం ఆపని మనిషి. అత్త ఇంట్లోనే బస. నాలుగింటికి తెరలు దించారు. ఆ గదిలో జరిగిందంతా తర్వాత అత్త చెప్పగా విన్నదే. నేను వీధిలో ఉన్నాను, అంతకుముందు ఇంకో ఊళ్ళో ఉన్నాను, అంతకుముందు బస్సులో ఎవరిదో పై రొట్టె మీద కూర్చున్నాను.

ఒక్కో బ్యాండూ వచ్చింది, వెళ్ళింది. అత్త అందరికీ సమానంగా తల ఊపింది. టీ ముందే ఫ్లాస్కుల్లో పోసి పెట్టుకుంది. మధ్యలో ఒకసారి జడ్జి తలెత్తి, "మీకు సంగీతమంటే చాలా ఇష్టంలా ఉంది" అన్నాడట. "ఇష్టమేం లేదండీ, వాతం" అందట.

మేము వీధి పై చివర నిలబడ్డాం. నారిస్ చేతిలో మా అంకె అట్ట. డప్పు పడింది, నడిచాం. ఆ మలుపు దగ్గర కిటికీ వైపు చూడకూడదని మాకు మేమే చెప్పుకున్నాం, అందరం చూశాం. తెర కదల్లేదు. ఈల వినబడింది. వాయించాం. నాకు తెలిసి మేమెప్పుడూ అంత జాగ్రత్తగా వాయించలేదు. మేడ మీద ఏం జరుగుతోందో అని సగం చెవి అక్కడే ఉంది అందరికీ.

పైన అత్తకి చెక్క నేల అదిరింది. చెంపలు వేడెక్కాయి. అలవాటున మోకాళ్ళు లేవబోయాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మొదటి భాగం ఆవిడకి తెలుసు, ఏటా మెట్లు దిగుతూ విన్నదే. ఆ తర్వాతది తెలియదు. ఆ మార్చ్‌లో మధ్యలో అందరూ తగ్గిపోయి, బేస్‌లు మాత్రం మెల్లగా, మెత్తగా పాట ఎత్తుకునే చోటుంది. మామయ్య సాధనలో కూడా అది వాయించేవాడు కాని, ఒంటరి బేస్ గదిలో గోడలు బాదినట్టుంటుంది. వీధిలో, ఆ పాట మీద మిగతా బ్యాండంతా ఊపిరిలా సన్నగా స్వరం పట్టుకుని ఉండగా, అది వేరు. అత్త బొటనవేలు ఆడించడం మర్చిపోయింది. గడ్డం ఊపడం మర్చిపోయింది. కిందకి దిగిపోవడం కూడా మర్చిపోయింది. అందరికీ ఊపి, మనకి ఒక్కళ్ళకే రాయిలా కూర్చున్నానే అని చప్పట్లు మొదలయ్యాక గాని తట్టలేదట. జడ్జి వైపు చూసింది. ఆయన తల దించుకుని రాస్తున్నాడు.

మా ఊళ్ళో ఫలితాలు శనివారం పొద్దున బ్యాండ్ రూమ్ మెట్ల మీద చదువుతారు. జడ్జి కాగితం తీసుకోవడానికి నారిస్ అత్త ఇంటికి వచ్చాడు. ఆల్డర్‌సన్ గుడ్లు, బ్లాక్ పుడ్డింగ్ అనే నెత్తురు సాసేజీ తింటున్నాడు. మామయ్య ఆయనకెదురుగా. నేను గోడకానుకుని. అత్త పొయ్యి దగ్గర, మాకు వీపు పెట్టి.

నారిస్ కాగితం తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "అయ్యా, ఒక్క మాట. సరదాకే. మా ఊరి బ్యాండు ఏదై ఉంటుందంటారు?"

అత్త పెనం కదపడం ఆపింది.

ఆల్డర్‌సన్ మూతి తుడుచుకున్నాడు. "చెప్పవచ్చా?"

"కాగితం నా జేబులో ఉందిగా, ఇక ఏం మారదు."

"అయితే పదిహేడు. అందులో అనుమానం లేదు. ఈ వీధి రాళ్ళు తెలిసినవాళ్ళ వాయిద్యం అది. ఈ కొండల గాలి, ఈ తడి, అన్నీ ఉన్నాయి దాంట్లో. పుట్టి పెరిగిన చోట తప్ప అలా రాదు."

నారిస్ జేబులోంచి తన సొంత చీటీ తీసి, అందులో ఏ అంకె ఎవరిదో చూశాడు. చాలాసేపు చూశాడు.

"పదిహేడు నార్వే వాళ్ళు" అన్నాడు. "స్కూలు పిల్లలు. గురువారం విమానం దిగారు."

మామయ్య నోట్లో ఉన్న టీ మళ్ళీ కప్పులోకి వచ్చింది. ఆల్డర్‌సన్ కాసేపు తన పళ్ళెంలోకి చూసి, "బాగా వాయించారు వాళ్ళు" అన్నాడు.

"గుడ్డు ఇంకోటి వెయ్యనా, మిస్టర్ ఆల్డర్‌సన్?" అంది అత్త. అడుగుతున్నప్పుడు కూడా వెనక్కి తిరగలేదు. మెడ వెనక మాత్రం ఎర్రగా ఉంది.

మెట్ల దగ్గర ఊరు ఊరంతా ఉంది. గది అత్తకే దక్కిందని నారిస్ చెప్పగానే జనం ఆవిడ వీపు చరిచారు. ఇక ఈ ఏడు మనదే అన్నట్టున్నారు అందరూ. టీ గండం తొలగిందాయె. నారిస్ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం విప్పాడు. మొదట ఓక్‌హోమ్ బ్యాండు. రెండు, నార్వే పిల్లలు. మూడులో మేము లేము. నాలుగులో లేము. ఐదులోనూ లేము.

"ఆరు, స్కార్‌డెన్" అని చదివాడు నారిస్. ఆ కింద జడ్జి రాసిందీ చదివాడు, చదవక తప్పదు కాబట్టి. నిజాయితీ గల బ్యాండు. కొంచెం బెదురు. రెండో ట్రాంబోన్ వస్తున్నాడో రావట్లేదో ముందే నిర్ణయించుకుంటే మంచిది. మధ్యలో బేస్‌ల పాట, ఈ రోజు విన్న వాటిలో మెత్తనిది.

ఎవరిని అనాలో ఎవరికీ తెలియలేదు. ఆవిడ లేచి వెళ్ళినన్నాళ్ళూ నాలుగు, ఆవిడ కూర్చుంటే ఆరు.

మొదటి కార్నెట్ పిల్ల అంది, "అంటే ఇన్నేళ్ళూ మనం నిజంగానే నాలుగో బ్యాండేనా?"

"అంతకంటే బెరిల్ టీ పెట్టుకోవడమే నయమేమో" అన్నాడు నారిస్.

"పెట్టను" అంది అత్త. "ఇక నేను దిగను. మీకు ఆరొచ్చినా, అరవై వచ్చినా నా కుర్చీలోనే ఉంటాను. మాట ఇచ్చారు."

"ఇచ్చాంలే" అన్నాడు నారిస్. "మంగళవారం రిహార్సల్ ఏడింటికి. అందరూ. ట్రాంబోన్లు ఆరున్నరకే."

జనం విడిపోయారు. అత్త, మామయ్య చర్చి వీధి వెంట ముందు నడుస్తున్నారు, నేను వెనక, రాత్రి బ్యాండ్ రూమ్‌లో వదిలేసిన బేస్ మోస్తున్నాను. చేపల కొట్టు దాటాక మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఎలా ఉందేం మరి?"

"ఏది?"

"నేను వాయించింది. నలభై ఏళ్ళుగా ఆ కిటికీ కింద వాయిస్తున్నాను, నువ్వెప్పుడూ వంటింట్లోనే ఉన్నావు."

అత్త ఆలోచించింది. ఊరికే మెచ్చుకునే అలవాటు లేదు ఆవిడకి.

"ఇంట్లో ఎందుకలా వాయించవు?" అంది.

"ఇంట్లో వాళ్ళెవరూ ఉండరు కదా, మిగతావాళ్ళు."

"ఊ" అంది ఆవిడ. ఇంకొంచెం నడిచాక, "ఆ పాట దగ్గర నేను లేవలేదు, క్లిఫర్డ్. లేవాలనిపించలేదు" అంది.

ఆ మాట విన్నాక ఆయన నడక మారింది. పెద్ద తేడా ఏం కాదు, మోకాళ్ళ నొప్పులవాడు ఎంత మార్చగలడో అంత. ఇంటి దగ్గర నా చేతిలోంచి బేస్ తీసుకుని తనే లోపలికి మోసుకెళ్ళాడు. అత్త మేడెక్కి, ముందుగది తెరలు తీసి, కిటికీ బార్లా తెరిచి, జడ్జి పడుకున్న దుప్పట్లు దులపడం మొదలెట్టింది.